మూత తీసిన బేరం

రోజుకి ఐదువందలు చెప్పిన వ్యాన్‌ని మూడువందలకి మాట్లాడాను. ఐదు రోజులకి, ఊటీ ప్రయాణానికి, నడి వేసవిలో. సికింద్రాబాదులో అంతకు మించి తగ్గించినవాడు ఎవడైనా ఉంటే రమ్మనండి, మా కొట్లో ఇడ్లీ పాత్ర ఊరికే ఇచ్చి పంపిస్తాను. నా జన్మలో చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది అదే. నా జన్మలో చేసిన పనులన్నిటిలోకీ సిగ్గుమాలినది కూడా అదే.

మొదటి మాట ఈ ఇరవై ఏళ్లలో కొన్ని వందల మందికి చెప్పుకున్నాను. కొట్టుకి వచ్చిన చుట్టాలకి, పెళ్లిళ్లలో పక్క కుర్చీల వాళ్లకి, ఒకసారి రైల్లో టికెట్ కలెక్టరుకి కూడా. రెండో మాట మొదటిసారి మీకే చెబుతున్నాను.

బరువు సంగతి నాకు కొత్త కాదు. స్టీలు సామాను కొట్లో పుట్టినవాణ్ని. బిందెల కట్ట భుజాన వేసుకుని జనరల్ బజారు సందుల్లో తిరిగినవాణ్ని. ఎంత బరువైనా సాయంత్రానికి దించేస్తాం, అదే దాని సుఖం. దీన్ని మాత్రం దించలేదు. ఎక్కడ దించాలో తెలియక కాదు. ఆ గుమ్మం నాకు బాగా తెలుసు. నెలకి రెండుసార్లు ఆ గుమ్మంలోకి వెళ్లి, టీ తాగి, కబుర్లు చెప్పి, దించకుండానే తిరిగొస్తున్నాను.

మీరెవరో నాకు తెలీదు. మీరు మా కొట్టుకి రారు, మా ఆవిడతో మాట్లాడరు. పేర్లు ఎలాగూ మార్చాను. అందుకే ఈ ధైర్యం. ధైర్యమేనా ఇది? పోనీ, దగ్గరి పేరు ఇంకేదైనా మీరే పెట్టండి.

ముందు మా నాన్న దగ్గర నేర్చుకున్న విద్య ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు ఎంతటిదో మీకు అందదు. గిన్నె కొనడానికి వచ్చినావిడ మరీ గీచి గీచి బేరమాడితే నాన్న కాదనేవాడు కాదు. "సరే తల్లీ, నీ మాటే కానియ్యి" అని నవ్వి, గిన్నెని పాత పేపర్లో చుడుతూ చుడుతూ, మూతని చల్లగా పక్కకి జరిపేసేవాడు. ఇంటికెళ్లి విప్పుకుంటే గానీ ఆవిడకి తెలిసేది కాదు. మర్నాడు వచ్చి అడిగితే, "ఆ రేటుకి మూత రాదమ్మా" అనేవాడు, అదీ నవ్వుతూనే. అందువల్ల మా ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఒక సంగతి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ఎదుటివాడు ధర దించాడంటే ఎక్కడో ఏదో మూత తీశాడు. అది ఏ మూతో అడిగి తెలుసుకోకుండా మేం డబ్బు ఇవ్వం.

నేను కూడా అడిగాను. అడిగి తెలుసుకున్నాను. అక్కడే ఉంది అసలు సంగతంతా.

ఆ ప్రయాణంలో మేం నలుగురం. నేను, పెళ్లయి ఏడాది తిరగని నా భార్య పద్మ, నా స్నేహితుడు డేవిడ్, అతని భార్య రూత్. డేవిడ్‌దీ నాదీ ఇంటర్ నుంచి ఒకే బెంచీ. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి మాస్టారుగా వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డారు. రూత్ కూడా టీచరే. డేవిడ్ ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. గుమాస్తా కుర్చీలో కూర్చుంటే అతనికి నిద్రొచ్చేది, స్టీరింగ్ ముందు కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. సొంత బండి లేదు. కానీ ఎవరింట పెళ్లయినా, ఎవరిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, ఎవరి బండో అడిగి తెచ్చి అతనే నడిపేవాడు. ఒకసారి నీళ్లు నిండిన గ్లాసు ముందు పెట్టుకుని ట్యాంక్‌బండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి చుక్క ఒలకకుండా నడిపి పందెం గెలిచాడు. ఓడింది నేనే. ఆ పందెం డబ్బు కూడా సగానికి బేరమాడాను, అది వేరే సంగతి.

నన్ను వాడు "సేఠూ" అని పిలిచేవాడు. ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

వ్యాన్ యూసుఫ్ భాయ్‌ది. బన్సీలాల్‌పేట్‌లో చిన్న షెడ్డు, రెండు బళ్లు, నోట్లో ఎప్పుడూ పాన్. నేను ఒక్కణ్నే వెళ్లాను. బేరానికి సాక్షులు ఉండకూడదని నాన్న సిద్ధాంతం. గంటన్నర పట్టింది. మూడు టీలు అయ్యాయి. రెండుసార్లు లేచి గేటు దాకా నడిచాను, రెండుసార్లూ యూసుఫ్ భాయ్ వెనక్కి పిలిచాడు. లేచి నడవడం మా విద్యలో ఆఖరి పాఠం. తిరిగి చూడకూడదు, నడక తగ్గించకూడదు, పిలుపు వినబడేదాకా పోతూనే ఉండాలి. మూడోసారి లేవబోతుంటే ఆయన చేతులెత్తేశాడు.

"సరే పో. మూడొందలు. ఖుష్?"

నాకు వెంటనే అనుమానం వేసింది. "భాయ్, గింత ఆసానీగ ఒప్పుకున్నవంటే ఏందో ఉన్నది. ఏం దీసేసినవ్ బండ్లకెల్లి?"

యూసుఫ్ భాయ్ పాన్ ఉమ్మి నవ్వాడు. మంచి మనిషి. దాచలేదు. "దుకాణపోని కొడుకువు గద, నీతోని ఛుపాయించేది ఏముంది. బ్రేక్ లైనింగ్ పల్చగైంది. ఐదొందలైతే రేపు కొత్తది ఏపిచ్చి ఇస్తుంటి. మూడొందలకు బండి ఉన్నది ఉన్నట్టే. సిటీల ఫికర్ లేదు. పహాడ్ దిగెటప్పుడు మాత్రం గరమై పట్టది. దార్ల ఏడనన్న మార్పిచ్చుకో. ఆరొందలైతది. భూలకు, మర్సిపోకు, సమ్జే?"

"మార్పిస్త భాయ్, నా జిమ్మా" అన్నాను.

ఇప్పుడు నా తెలివి చూడండి. రోజుకి రెండువందలు తగ్గింది, ఐదు రోజులకి వెయ్యి. అందులో ఆరువందలు పెట్టి లైనింగ్ వేయించినా నాలుగువందలు నేను గెలిచినట్టే. లెక్క రానివాణ్నా? కాదు. కానీ అప్పుడు మూడువందలకి మాట్లాడానని చెప్పుకోవడానికి ఉండదు. లైనింగ్ కలుపుకుంటే రోజుకి నాలుగువందల ఇరవై పడిందని చెప్పుకోవాలి. నాలుగువందల ఇరవైకి ఎవరు చప్పట్లు కొడతారు? నేను ఆరువందల రూపాయలకి కక్కుర్తి పడ్డానని మీరు అనుకుంటే నన్ను కాస్త పెద్ద మనసుతో చూస్తున్నట్టే లెక్క. నేను కక్కుర్తి పడింది చప్పట్లకి.

చప్పట్లు దొరికాయి. మారేడ్‌పల్లిలో డేవిడ్ వాళ్ల వరండాలో నిలబడి మూడువందలు అని చెప్పగానే డేవిడ్ నన్ను ఎత్తి తిప్పాడు.

"ఒరేయ్ సేఠూ, ఆ ముసలాయన ఇంట్లో పొయ్యి వెలుగుతోందా, ఆర్పేసొచ్చావా?"

"అన్నయ్యా, మీరు మనిషా, తక్కెడా?" అంది రూత్.

పద్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నావైపు చూసింది. పెళ్లయిన పదినెలల్లో ఆమె నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆ చూపు కోసం నేను ఇంకో రెండు వ్యాన్ల మూతలు తీయించేవాణ్ని.

ఎంత గొప్ప ప్రయాణమో అది! నేను తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని ఆ సంతోషాన్ని కూడా తగ్గించి చెబితే అది మళ్లీ ఇంకో మోసం అవుతుంది. కర్నూలు దాటాక ఎండలో రోడ్డు వెండి పళ్లెంలా మెరిసింది. అనంతపురం దగ్గర చెట్టు కింద రూత్ తెచ్చిన పులిహోర, పద్మ తెచ్చిన సకినాలు తిన్నాం. దారి పొడుగునా మామిడికాయలకీ పుచ్చకాయలకీ నేను బేరమాడుతుంటే వాళ్లు ముగ్గురూ బండిలోంచి క్రికెట్ స్కోరులా అరిచేవాళ్లు. మైసూరు దాటాక గూడలూరు మీదుగా కొండెక్కాం. ఎక్కడం కాబట్టి బ్రేకుతో పని తక్కువ. ఒక మలుపు తిరగ్గానే మబ్బు తిన్నగా బండిలోకి వచ్చేసింది. పద్మ చేయి బయటికి చాపి, "ఏమండీ, గిది మబ్బేనా? తడిగ ఉన్నది సూడుండ్రి" అంది. డేవిడ్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని చర్చి పాట అందుకున్నాడు, రూత్ రెండో గొంతు కలిపింది. నాకు ఆ పాట రాదు. అయినా పాడాను.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్లాం. చుట్టూ నీలగిరి చెట్లు, నీళ్ల మీద పొగ లేస్తోంది, అవతలి గట్టు కనబడటం లేదు. టికెట్ కిటికీ దగ్గర నేను అలవాటు కొద్దీ "ఎంతకిస్తారు?" అన్నాను. లోపలి మనిషి మాట్లాడకుండా రేట్ల బోర్డు చూపించాడు. వెనకాల ముగ్గురూ పడీ పడీ నవ్వారు. సర్కారు రేటు ముందు పరువు పోయింది. కానీ పడవ నడిపే ముసలాయనకి ఆ రోజు మాదే బోణీ. ఆయనకి తెలుగు రాదు, నాకు అరవం రాదు. నేను ఆయన అరచేతిలో వేలితో గుండ్రంగా గీసి, చెరువు చూపించి, ఇంకో గీత గీశాను. ఆయన నవ్వి తల ఊపాడు. అరగంట టికెట్‌కి చెరువంతా తిప్పాడు, పైసా ఎక్కువ లేకుండా. బోణీ మహిమ ఊటీలో కూడా పనిచేస్తుందని ఆ రోజే తెలిసింది.

పడవ నడిమధ్యకి వెళ్లేసరికి పొగ విడిపోయి కొండలు ఒక్కసారిగా బయటపడ్డాయి. అప్పుడు డేవిడ్ తన మనసులో మాట బయటపెట్టాడు. సెకండ్‌హ్యాండ్ వ్యాన్ ఒకటి చూశాడట. లోను కాగితాలు బ్యాంకులో పెట్టాడట. మంజూరైతే ఉద్యోగం మానేసి ట్రావెల్స్ పెడతాడట. "పేరు కూడా అనుకున్నాను రా. రూత్ ట్రావెల్స్. మొదటి ట్రిప్పు మళ్లీ ఇక్కడికే, మీ ఇద్దరికీ ఫ్రీ. బేరం ఆడకు." రూత్ తల వంచుకుని నీళ్లలో వేళ్లు ఆడిస్తోంది. అతని మొహం ఆ పొద్దు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. మనిషి తన పని తనకి దొరికినప్పుడు అలా ఉంటాడు.

పడవ దిగాక వాడే అన్నాడు, "సేఠూ, బ్రేకు కొంచెం లోతుగా పోతోంది రా. యూసుఫ్ భాయ్‌కి చెప్పాలి, పాపం చూసుకున్నట్టు లేడు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? వాడే తలుపు తీసి పట్టుకున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టాలి, అంతే. "పాత బండి గద, గట్లనే ఉంటది" అన్నాను.

అయినా నాకు భయం లేకపోలేదు. మధ్యాహ్నం వాళ్లు ముగ్గురూ నీలగిరి తైలం కొనడానికి వెళ్తే, తలనొప్పి అని చెప్పి వ్యాన్ తాళం తీసుకుని నేను కింద బజారులో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నాకూ కొద్దిగా నడపడం వచ్చు. ఎవరికీ తెలియకుండా లైనింగ్ వేయించేస్తే చప్పట్లూ మిగులుతాయి, ప్రాణాలూ మిగులుతాయి. మెకానిక్ చక్రం విప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. సాయంత్రానికి వేసి ఇస్తాను, తొమ్మిదివందలు అన్నాడు. యూసుఫ్ భాయ్ ఆరువందలన్నాడు. నేను ఐదువందలతో మొదలుపెట్టాను. అతను కదల్లేదు. ఆరువందలన్నాను. కదల్లేదు. ఏడు అన్నాను. అతను చక్రం తిరిగి బిగించేశాడు.

లేచి నడిచాను.

తిరిగి చూడలేదు. నడక తగ్గించలేదు. తాళం తిప్పాను, బండి కదిపాను, ఒకటో గేరులో మెల్లగా పోనిచ్చాను. పిలుపు కోసం చెవులు రిక్కించాను. అతను పిలవలేదు. సందు మలుపు దాకా వెళ్లాను. పిలవలేదు. మా బజారు మనిషి ఎప్పుడూ చేయని పని ఒకటుంది. పిలవకుండా వెనక్కి వెళ్లడు. వెళ్తే వాడు అడిగిందే ఇవ్వాలి, పైగా తల దించుకుని ఇవ్వాలి. ఆ సందు మలుపులో బండి ఆపుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. రెండువందల రూపాయల తేడా. అటువైపు నలుగురి ప్రాణాలు. ఇటువైపు నా తల. మీరైతే ఏం చేసేవారు? వద్దు, చెప్పకండి. మీరు ఏం చేసేవారో నాకు తెలుసు.

నేను లాడ్జికి వచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున తిరుగు ప్రయాణం. మైసూరుకి దిగడానికి రెండు దార్లు. మేం వచ్చిన గూడలూరు దారి పొడుగు, కానీ మెత్తగా దిగుతుంది. కల్హట్టి దారి పొట్టిది, గోడ దిగినట్టుంటుంది, మెలికకి మెలికకి నంబరు బోర్డు. అడవిలో ఏనుగులు కనబడతాయని లాడ్జివాడు చెప్పడంతో ముగ్గురూ కల్హట్టి అన్నారు.

"గూడలూరు కెల్లి పోదాం" అన్నాను.

డేవిడ్ కళ్లు పెద్దవి చేశాడు. "ఏంటి సేఠూ, పెట్రోలు ఎక్కువ తాగే దారిలో పోదామంటున్నావా? రూత్, వీడికి జ్వరమేమో ఒళ్లు చూడు."

"టీ తోటలు మంచిగుంటయి గద" అన్నాను.

"వచ్చేటప్పుడు అవే చూశాం కదా అన్నయ్యా, మళ్లీ అవే చెట్లు ఎన్నిసార్లు చూస్తాం?" అంది రూత్.

"నిన్న సల్లటి నీళ్లల్ల చేతులు వెట్టిండు అక్కా, గది తలకెక్కినట్టుంది" అంది నా భార్య.

నా జీవితంలో నిజంగా గెలవాలనుకుని ఓడిపోయిన బేరం అదొక్కటే. ఒక్క వాక్యం చాలు, గెలిచేవాణ్ని. బ్రేకుల్లో సరుకు లేదు, నాకు ముందే తెలుసు. అంతే. ఆరే ఆరు మాటలు. పిసినారివాడు పొడుగు దారి అడిగితే ఎవరు నమ్ముతారు? నా పేరే నాకు అడ్డం పడింది. మీదుమిక్కిలి, వాళ్లు నవ్వుతుంటే నేను కూడా నవ్వాను.

డేవిడ్ ఆ ఘాట్ ఎలా దిగాడో చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ కాగితాలన్నీ ఖరాబు చేస్తున్నాను. నేను ముందు సీట్లో, అతని పక్కనే ఉన్నాను. భయంతో రోడ్డు చూడలేక అతని పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. అందుకే కచ్చితంగా చెప్పగలను. చర్చి పాట పాడుకుంటూనే, మొదటి మెలిక నుంచీ రెండో గేరు వదల్లేదు. మెలికకి ముందు ఒక్కసారి బ్రేకు తాకించేవాడు, వదిలేసేవాడు. పిల్లాడి తల నిమిరినంత మెత్తగా. కొండ దిగే పద్ధతి ఎవరైనా పుస్తకం రాస్తే అలాగే రాస్తారు.

పది మెలికలు దాటాక కాలిన వాసన వచ్చింది. ఇంకో మెలిక. పాదం తాకింది, నేలదాకా పోయింది. డేవిడ్ పాట ఆపాడు, అంతే. హ్యాండ్‌బ్రేకు లాగాడు, పట్టలేదు. బండి వేగం అందుకుంటోంది, కుడివైపు లోయ. "అందరూ ముందు సీటు గట్టిగా పట్టుకోండి" అన్నాడు, టిఫిను ఆర్డరు ఇచ్చినంత నెమ్మదిగా. గట్టిగా గుంజి ఒకటో గేరు వేశాడు, ఇంజను ఏనుగులా అరిచింది. ఎడమ వైపు కొండ గోడకి బండిని ఆనించాడు. ఒరుసుకుంటూ, ఒరుసుకుంటూ, తలుపు రేకు చీలిపోతున్న చప్పుడు. అలాగే ఇంకో మెలిక తిప్పాడు. బ్రేకు లేని బండిని, ఆ మెలికలో! ఆ తర్వాత రోడ్డు పక్కన వాన నీళ్ల కాలువ, దాని పక్కన మెత్తటి మట్టిదిబ్బ కనబడ్డాయి. చక్రాలు కాలువలోకి దించి ముక్కుని దిబ్బలో గుచ్చాడు. ఆగింది.

ఎక్కడో పిట్ట కూసింది. పద్మ ఏడుపు మొదలుపెట్టింది. అంటే బతికే ఉంది. రూత్ ఎడమ మణికట్టు విరిగింది. అంతే. అంతకు మించి ఎవరికీ ఏమీ లేదు. లోయ అంచు నుంచి మా వెనక చక్రం దాకా నేను అడుగులు వేసి కొలిచాను. ఏడు అడుగులు.

వెనక వస్తున్న లారీ డ్రైవరు దిగి, మమ్మల్ని చూసి, చక్రం నుంచి వస్తున్న పొగ చూసి, డేవిడ్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. భాష రాకపోయినా అర్థమైంది. మైదానం నుంచి వచ్చిన వాళ్లంతా ఇంతే, కొండ దిగమంటే బ్రేకు మీద నిలబడతారు. డేవిడ్ వింటూ నిలబడ్డాడు. రూత్ చేతిని ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని, తలెత్తి నావైపు చూశాడు.

"సేఠూ, నువ్వు నా పక్కనే ఉన్నావు. నిజం చెప్పరా. బ్రేకు నేను ఎక్కువ తొక్కానా?"

నోట్లో మాట తయారుగా ఉంది. దుకాణంలో పెరిగిన నోరు కదా, ఎప్పుడూ తయారుగానే ఉంటుంది.

"జెర ఎక్కువనే తొక్కినవ్ రా" అన్నాను.

తల ఊపాడు. "నాకూ అదే అనిపించింది" అన్నాడు.

అనిపించలేదు వాడికి. నేను చెప్పాక అనిపించింది.

లారీలో వాళ్లు ముగ్గురూ కింద ఊరి ఆస్పత్రికి వెళ్లారు. నేను బండి దగ్గర ఉండిపోయాను. కింద నుంచి వచ్చిన మెకానిక్ చక్రం విప్పి లైనింగ్ ముక్క నా చేతిలో పెట్టాడు. అరిగి అరిగి రివిట్లు బయటపడ్డాయి. ఒక్క రోజులో, ఒక్క ఘాట్‌లో అలా అరగదని బండి నడిపేవాడు ఎవడైనా ఒక్క చూపులో చెబుతాడు. డేవిడ్ చూస్తే చెప్పేసేవాడు. అందుకని జేబులో వేసుకున్నాను. కొత్తది వేయించడానికి ఆరువందలు తీసుకున్నాడు. ఆ ఒక్కసారీ బేరం ఆడలేదు.

కింద ఊళ్లో డ్రైవర్ని మాట్లాడుకుని సికింద్రాబాదు చేరాక, వ్యాన్ అప్పగించడానికి ఒక్కణ్నే వెళ్లాను. యూసుఫ్ భాయ్ చీలిపోయిన తలుపు చూశాడు, వంగి చక్రం చూశాడు. "మార్పిచ్చినవా?" అన్నాడు. మార్పించానన్నాను. "ముందా, అయినంకనా?" అన్నాడు. నేను తలుపు రిపేరుకి డబ్బు లెక్కపెడుతూ ఉండిపోయాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇక ఈ సంగతి తెలిసిన ప్రాణి ఈ భూమ్మీద నేనొక్కణ్నే.

వారం తిరక్కుండా డేవిడ్ బ్యాంకుకి వెళ్లి లోను కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాడు. "మనుషుల్ని ఎక్కించుకునే చెయ్యి కాదురా ఇది" అన్నాడు. నేను ఓదార్చాను. అవును, నేనే ఓదార్చాను! భుజం తట్టి, గవర్నమెంటు ఉద్యోగం కంటే సుఖం ఏముంది రా అన్నాను. ఆ తర్వాత వాడు స్టీరింగ్ ముట్టుకోలేదు. బస్సులో ఆఫీసుకి వెళ్లి, బస్సులో తిరిగొచ్చి, ప్రమోషన్లు తీసుకున్నాడు. యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మేస్త్రీ అలవాటు కొద్దీ ముందు కారు పెట్టుకునే పోర్టికో వేశాడు. అందులో ఇప్పుడు రూత్ పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. గోడకి నల్లబోర్డు. చలికాలంలో ఆవిడ ఎడమ మణికట్టు ఇంకా లాగుతుందట, ఉన్ని గుడ్డ చుట్టుకుంటుంది. నేను వెళ్లినప్పుడల్లా ఆ పోర్టికోలోంచే లోపలికి నడవాలి.

మొన్న అందరం ఒక పెళ్లికి ట్యాక్సీలో వెళ్లాం. డేవిడ్ వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎదురుగా లారీ వస్తే డ్రైవరు కాస్త ఆలస్యంగా తప్పుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. కళ్లు మూసుకునే ఉన్నా, డేవిడ్ కుడి పాదం లేని బ్రేకుని తాకింది. మెత్తగా. ఒక్కసారి. వదిలేసింది.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్లూ నేను దాచింది నా తప్పు మాత్రమే అనుకున్నాను. కాదు. నేను దాచింది వాడి గెలుపు. బ్రేకుల్లేని బండిని, ఆ ఘాట్‌లో, నలుగురితో సహా లోయకి ఏడు అడుగుల దూరంలో ఆపిన మనిషి ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారు? ఆ లారీ డ్రైవరు తిట్టాల్సింది కాదు, దండ వేయాల్సింది. ఆ పోర్టికోలో బండి ఉండాల్సింది. దాని మీద రూత్ పేరు ఉండాల్సింది. నా మూడువందల బేరం గురించి ఊరంతా చెప్పుకున్నాను గానీ, దానికంటే వెయ్యింతలు గొప్ప కథ నా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు చెప్పేశాను. గట్టిగా అరిచి చెప్పాలని ఉంది. వాడు ఎక్కువ తొక్కలేదండీ! వాడి కాలు నేను చూశాను!

రాస్తుంటే చెయ్యి తేలికవుతోంది. క్షమాపణ దొరికిందని కాదు. అడగలేదు కూడా. ఆదివారం చర్చి నుంచి వాళ్లు ఇంటికి వచ్చే వేళకి వెళ్తాను. గల్లాపెట్టె అడుగున పేపర్లో చుట్టి దాచిన ఆ లైనింగ్ ముక్క డేవిడ్ చేతిలో పెడతాను, ఈ కాగితాలు పక్కన పెడతాను. ఏమంటాడో తెలీదు. వెళ్లిపొమ్మంటే లేచి నడుస్తాను. ఈసారి పిలుపు కోసం చెవి పెట్టను.

ఇక బిల్లు. వ్యాన్ అద్దె, ఐదు రోజులకి పదిహేనువందలు, అప్పుడే ఇచ్చేశాను. లైనింగ్‌కి ఆరువందలు, ఇవ్వాల్సిన పూట దాటాక ఇచ్చాను. రూత్ మణికట్టు, ఇవ్వలేదు. డేవిడ్ స్టీరింగ్, ఇరవై ఏళ్ల పైచిలుకు, ఇవ్వలేదు, ఇవ్వగలిగేది కూడా కాదు. యూసుఫ్ భాయ్ వైపు నుంచి రావాల్సింది ఏమీ లేదు, మూత తీశానని మొహం మీదే చెప్పాడు. నలుగురం వెళ్లి నలుగురం తిరిగి రావడం డేవిడ్ ఇచ్చింది, దాని ఖరీదు ఎవరం వేయలేం. బ్రేకు ఎక్కువ తొక్కిన తప్పు డేవిడ్ పేరున రాసి ఉంది, దాన్ని కొట్టేస్తున్నాను. మిగిలినదంతా నా పేరున. చెప్పిన ధరే ఖాయం. తగ్గించమని అడగను.